మూడు వందల పన్నెండు మూలలు

ఆ ఆఫీసులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఎవరు ఏది గీస్తే అదే వాళ్ళ పేరు. మెట్లు గీసేవాడు మెట్లాయన. తలుపులూ కిటికీలూ పెట్టేవాడు తలుపులాయన. ఆయన పెళ్ళికార్డు వచ్చినప్పుడు అందులో ఉన్న పేరు ఎవరిదో తెలియక సగంమంది ఆ పెళ్ళికే వెళ్ళలేదు. చివరి బల్ల దగ్గర, ఫ్యాను గాలి సరిగ్గా తగలని చోట కూర్చునే ఆవిడ గోడలమ్మ.

గోడలమ్మ రోజూ తొమ్మిదిన్నరకు వస్తుంది. చెప్పులు బల్ల కింద విడిచి, కంప్యూటరు తెరుచుకునేలోపు జుట్టు ముడి బిగించుకుని, పాత భవనాల బొమ్మలు ముందేసుకుంటుంది. కొలతలు తీసేవాళ్ళు టేపు పట్టుకుని ఒక్కో గదినీ విడివిడిగా కొలుచుకొస్తారు. ఆ గదులన్నీ తెచ్చి కంప్యూటర్లో పక్కపక్కన పెడితే గోడలు మూలల దగ్గర కలవవు. ఒకటి జానెడు ముందే ఆగిపోతుంది. ఇంకొకటి పక్క గోడను దాటి అవతలికి పొడుచుకుపోతుంది. మూడు గోడలు కలవాల్సిన చోట మూడూ అలిగిన తోడికోడళ్ళలా తలో దిక్కు చూస్తుంటాయి. వాటిని ఒక చోట చేర్చి, లోపల మిగిలిన అడ్డగీతలు చెరిపి, మూలను శుభ్రం చేయడం ఆవిడ పని.

బొమ్మలో మూల కలిస్తే అసలు భవనంలోనూ ఆ మూల కలుస్తుంది. అందుకే గోడలు పగుళ్ళిచ్చినవాళ్ళు మేస్త్రీ దగ్గరికి కాకుండా ఈ ఆఫీసుకు వస్తారు. సిమెంటు గొడవ ఉండదు, ఇల్లంతా దుమ్ము లేవదు. కాకపోతే ఒక నియమం ఉంది. కొత్త గోడ గీయొచ్చు, గోడల చివరలు కలపొచ్చు గానీ, ఉన్న గోడను మౌసుతో పట్టుకుని పక్కకు లాగడానికి ప్రోగ్రాం ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఈపాటికి ఎవరి పడకగది వాళ్ళు పక్కింట్లోకి పెంచుకుని ఉండేవాళ్ళు.

ఆవిడ ఉండేది ఒక పాత అయిదంతస్తుల భవనంలో, కింది వాటాలో, అక్కతో కలిసి. వాళ్ళ వంటింటి గోడకు అవతలే అక్క కుట్టుమిషను కొట్టు. అయిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. ముందువైపు గోడ లేదు, ఇనప షట్టరు మాత్రమే. అమ్మా నాన్నా పోయేసరికి అక్కకు పందొమ్మిదేళ్ళు, చెల్లెలికి ఎనిమిది. భవనం పక్కన చీపుర్లూ బకెట్లూ పడేసే ఆ సందులో అక్క ఒక మిషను వేసుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్ళయింది, ఇంకా లేవలేదు. చెల్లెలి బడి ఫీజు, డ్రాయింగు కోర్సు, కళ్ళజోడు, అన్నీ ఆ సందులోంచే వచ్చాయి. వీధి వీధంతా ఆమెను టైలరక్క అంటారు. పళ్ళు రాలిన తాతలు కూడా అక్కా అనే పిలుస్తారు.

ఆ భవనానికి గోడలు కలవవు. మూడో అంతస్తులో ఒకావిడ పడకగది మూలలోంచి వీధిలో వెళ్ళే బస్సు నంబరు చదివేది. భవనం ప్రెసిడెంటు గారు రిటైరైన హెడ్‌క్లర్కు. ఏ పనికైనా మూడు సార్లు గుర్తు చేయకపోతే ఆయనకు అన్నం సయించదు. వానలు దగ్గర పడుతున్నాయని భవనాన్ని ఆఫీసుకు అప్పగించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం మెట్ల దగ్గర కాపు కాసి ఒకసారి అడగడం మొదలుపెట్టారు.

"ఏమ్మా, మన మూలలు ఎంతవరకు వచ్చాయి?"

"చూస్తున్నానండీ."

"చూస్తే అతుకుతాయా?"

అతకవు. మొత్తం మూడు వందల పన్నెండు మూలలు. చేత్తో కలిపితే రోజుకు పదిహేను అవుతాయి. ఆయన పోరు పడలేక గోడలమ్మ అడ్డదారి తొక్కింది. ప్రోగ్రాంలో ఒక చిన్న గడి ఉంటుంది. అందులో ఒక అంకె వేస్తే, అంత దూరంలోపు ఉన్న గోడ చివరలు వాటంతటవే ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయి. పని తెలిసినవాళ్ళు ఆరంగుళాలకు మించి వెయ్యరు. ఆవిడా ఆరు అనే వేసింది. వేసి నొక్కగానే బొమ్మంతా ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, మూడు వందల పన్నెండు మూలలూ టకటకా కలిసిపోయాయి.

ఆరంగుళాలకే ఇన్ని ఎలా అతికాయని అనుమానం రావాల్సింది. రాలేదు. మంచి జరుగుతున్నప్పుడు ఎవరికి వస్తుంది అనుమానం? ప్రెసిడెంటు గారు బిస్కెట్ పాకెట్ తెచ్చి ఆఫీసులో అందరికీ తలా రెండు పంచారు. మూడో అంతస్తు ఆవిడ మాత్రం, ఇక బస్సు వచ్చిందో లేదో కిందికి దిగితే గానీ తెలియడం లేదని సణిగింది.

మర్నాడు పొద్దున టైలరక్క షట్టరు ఎత్తబోతే రాలేదు. ఇద్దరు మనుషులు పట్టి లాగితే కీచుమంటూ సగం లేచింది.

"ఏమక్కా, కొట్టు మూతి బిగుసుకున్నట్టుందే?" అన్నాడు యూనిఫాం కొలతలివ్వడానికి పిల్లను తెచ్చిన తండ్రి.

"అవును, బెత్తెడు లోపలికొచ్చింది. పాపను పక్కకు తిరగమను, భుజం కొలవాలి," అంది అక్క, టేపు మెడలోంచి తీస్తూ.

రెండో రోజుకు జానెడు తగ్గింది. ఆ సాయంత్రం చెల్లెలు ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఆపింది.

"ఇదిగో, నీ పనేనేమో చూడవే. నా కొట్టు మూసుకుపోతోంది. వెనక బాగానే ఉంది, ముందే రెండు గోడలూ దగ్గరకొస్తున్నాయి."

గోడలమ్మ మర్నాడు ఆఫీసుకు పరుగెత్తి బొమ్మ తెరిచి గడి చూసింది. ఆరు ఉంది. పక్కన అంగుళాలు అని లేదు. ఈ ఒక్క భవనాన్ని కొలిచినవాళ్ళు అడుగుల్లో గీసి పంపారు. ఆవిడ వేసింది ఆరు అడుగులు.

మిగతా గదులకు నాలుగు వైపులా గోడలున్నాయి కాబట్టి వాటి చివరలు దేనితో కలవాలో వాటికి తెలుసు. అక్క కొట్టుకు ముందు గోడ లేదు. ఆ రెండు గోడల చివరలూ వీధివైపు ఒంటరిగా నిలబడి ఉన్నాయి, వాటి మధ్య దూరం అయిదడుగులే. ఆరడుగుల లోపు ఉన్నదేదైనా కలవాల్సిందే కాబట్టి అవి ఒకదాని కోసం ఒకటి బయల్దేరాయి.

ఆవిడ గడిలో ఆరడుగులు తీసేసి అరడుగు వేసింది. నిమిషంలో ప్రెసిడెంటు గారి ఫోను.

"అమ్మా! ఏం చేశావమ్మా? రెండో అంతస్తులో ఉయ్యాల కట్టిన గోడ మూరెడు పక్కకు జరిగింది! మెట్ల దగ్గర మూల తెరుచుకుని ఆకాశం కనిపిస్తోంది! పసిపిల్ల ఉందమ్మా ఉయ్యాలలో!"

ఆవిడ వెంటనే మళ్ళీ ఆరడుగులు వేసింది. ఉయ్యాల గోడ వెనక్కి జరిగి కుదురుకుంది. అక్క కొట్టు ఇంకో జానెడు మూసుకుంది.

మెట్లాయన కుర్చీ దగ్గరకు లాక్కుని, "కొట్టుకు ముందు ఒక గోడ గీసేయ్, తలుపు మనవాడు పెడతాడు. ఆ చివరలు దానికి అతుక్కుంటాయి," అన్నాడు. సలహా బాగానే ఉంది. గోడలమ్మ గీసింది. కానీ ఆరడుగుల లెక్కలో అయిదడుగుల గోడ గోడే కాదు. దాని రెండు చివరలే ఒకదానికొకటి దగ్గరివై, ఒకదాన్నొకటి పట్టుకుని గోడ మొత్తం మాయమైపోయింది. అక్క ఫోన్ చేసింది.

"ఏమే, ఇప్పుడే నా మొహం మీద ఒక గోడ లేచి మళ్ళీ పడిపోయింది. నువ్వేనా?"

"నేనేనక్కా."

"చెప్పి చెయ్యవే తల్లీ. నోట్లో పెట్టుకున్న గుండుసూది మింగబోయాను."

మధ్యాహ్నం చెల్లెలు కొట్టుకు వెళ్ళింది. మూతి మూడడుగులకు వచ్చింది. లోపల బట్టలు కత్తిరించే బల్ల నాలుగడుగుల వెడల్పు, లోపలే కూర్చి చేయించింది. అదిక బయటికి రాదు.

"మిషనైనా బయట పెట్టేద్దాం అక్కా. ఇంట్లో కుట్టుకుందువు గాని."

"ఎక్కడ? నీ పొయ్యి మీదా?" అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఇంట్లో నేను నీ అక్కను. ఇక్కడ టైలర్ని. ముప్ఫై ఏళ్ళు కూర్చున్న చోటు. ఇది పోతే నేనెక్కడ కూర్చోవాలో నువ్వే చెప్పు."

చెల్లెలు వేసిన అంకె అక్క గొంతు దగ్గరకొచ్చి కూర్చుంది, తీస్తే పైన పసిపిల్ల. అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. అక్క మిషను తొక్కుతూనే, "ముక్కు చీదడానికి ఆ గుడ్డ తీసుకోకు, అది హెడ్‌మాస్టరు గారి చొక్కా," అంది.

ఆఫీసు యజమాని ఇంజనీరు గారు మంచి మనిషి. చెడ్డ మాట చెప్పాల్సి వస్తే కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతారు. గోడలమ్మ వెళ్ళి విషయం చెప్పగానే కళ్ళజోడు తీశారు.

"చేత్తో కలిపిన మూల ఈ అంకె మీద ఆధారపడదు. మూడు వందల పన్నెండూ చేత్తో కలిపేస్తే, అప్పుడు అంకె తగ్గించుకోవచ్చు."

"ఇరవై ఒక్క రోజులు పడుతుంది సార్. కొట్టు నాలుగు రోజుల్లో మూసుకుంటుంది."

"అయితే ఒక్కటే దారమ్మా. గోడలన్నీ మామూలుగా ఒకే గుంపులో ఉంటాయి. కొట్టు గోడల్ని తీసి వేరే గుంపులో పెట్టు. ఆ గుంపులో దూరం సున్నా వెయ్యి. ఇక అవి దేనికీ అతకవు, వాటిలో అవీ అతకవు. మూతి తెరుచుకుంటుంది. కానీ దేనికీ అతకనిది ఒక చోట నిలవదు. నీకు తెలుసుగా."

తెలుసు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఎంత జరిగితే మాత్రం ఎంత, రోజుకు బెత్తెడు కదా, ఇరవై ఒక్క రోజులకు ఆ వీధి మలుపైనా దాటదు, ఈలోపు మూలలన్నీ కలిపేసి కొట్టును మళ్ళీ తెచ్చి అతికించేస్తాను అనుకుంది గోడలమ్మ. అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"పోనీలే, మూసుకుపోవడం కన్నా నయం. కానివ్వు," అంది అక్క.

కొట్టు గోడలు ఎంచుకుంటుంటే ఒక చిక్కు వచ్చింది. వంటింటికీ కొట్టుకూ మధ్య ఉన్నది ఒకే గోడ. ఒక గోడ ఒక గుంపులోనే ఉండాలి. ఇంటికి ఉంచితే కొట్టుకు ఒక వైపు ఏమీ ఉండదు. గోడలమ్మ దాన్ని అక్కకే ఇచ్చి, ఇంటి కోసం దాని పక్కనే కొత్త గోడ గీసుకుంది. ఆ సాయంత్రం వంటింట్లో నిలబడితే, ఎనిమిదో ఏటి నుంచి వినే మిషను చప్పుడు వినిపించలేదు.

కొట్టు మూతి మళ్ళీ అయిదడుగులు తెరుచుకుంది. అక్క ఆ పూట షట్టరు నాలుగు సార్లు కిందికి పైకీ ఆడించి చూసుకుంది.

మర్నాటికి కొట్టుకూ ఇంటికీ మధ్య బెత్తెడు సందు ఏర్పడింది. మూడో రోజుకు ఆ సందులోంచి ఒక పిల్లి నడిచి వెళ్ళింది. అయిదో రోజుకు కొట్టు సైకిలు షాపును దాటింది. షాపు అతను తన పంపునూ నీళ్ళ తొట్టినీ పక్కకు జరిపి దారిచ్చాడు. కొట్టు ఎప్పుడు కదిలేదో ఎవరూ చూసేవాళ్ళు కాదు. చూసేసరికి ఇంకో చోట ఉండేది, లోపల అక్క తల వంచుకుని కుడుతూ ఉండేది. కుట్టించుకునేవాళ్ళు ఒకరినొకరు అడిగి తెలుసుకునేవాళ్ళు.

"టైలరక్క ఇవాళ ఎక్కడుంది?"

"పొద్దున వంతెన ఎక్కుతోంది. ఇప్పుడు దిగిపోయి ఉంటుంది, ఆటో చూసుకో."

బెత్తెడు కాదు, బారెడు కాదు, కొట్టు రోజురోజుకూ వేగం పుంజుకుంది. గోడలమ్మ తిండి మానేసి మూలలు కలిపింది. పదిహేను కాస్తా పదిహేడైంది, ఒక రోజు పందొమ్మిదైంది. మెట్లాయన తన మెట్లు పక్కన పెట్టి సాయం చేయబోయాడు గానీ, ఆయన కలిపిన మూలలు వంకరగా వచ్చి నాలుగో అంతస్తులో అలమర తలుపులు మూసుకోవడం మానేశాయి. ఆయన కలిపినవన్నీ ఆవిడే విప్పి మళ్ళీ కలపాల్సి వచ్చింది. దాంతో పెరిగిన రోజులు పెరిగాయి, తగ్గిన రోజులు తగ్గాయి, లెక్క మళ్ళీ ఇరవై ఒకటి దగ్గరే నిలిచింది.

సాయంత్రాలు బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళేది. మొదట అరగంట, తరవాత రెండు గంటలు.

"కొట్టు పోతే పోనీ, దిగి వచ్చెయ్యక్కా, మనింటికి పోదాం."

"నేను దిగి వెనక్కి తిరిగేలోపు ఇది ఎటు పోతుందో. జనం బట్టలున్నాయి లోపల. నువ్వు పనయ్యాక అతికించు, అందరం ఒకేసారి వద్దాం," అనేది అక్క.

పద్నాలుగో రోజు కండక్టరు, అక్క చెప్పిన ఊరి పేరు తనెప్పుడూ వినలేదని, టికెట్ కొట్టలేనని చెప్పేశాడు. ఆ తరవాత ఫోనొక్కటే మిగిలింది.

మొదట్లో అక్క ఫోన్లో విసుక్కునేది. బొత్తాలు దొరకడం లేదని, నీళ్ళు ఉప్పగా ఉన్నాయని. తరవాత్తరవాత విసుగు తగ్గింది. "ఇవాళ షట్టరు తీస్తే ఎదురుగా సముద్రమేనే," అంది ఒక రోజు. "ఇంత ఉంటుందని నాకు తెలీదు. ఆ గాలికి మిషను తుప్పు పడుతుందని నూనె వేశాను. వేసి కాసేపు చూస్తూ కూర్చున్నాను." అక్క పని మానేసి చూస్తూ కూర్చోవడం చెల్లెలు ఎన్నడూ ఎరగదు. అది విని సంతోషించాలో భయపడాలో ఆవిడకు తెలియలేదు. భయమే వేసింది.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం మూడింటికి చివరి మూల కలిసింది. గోడలమ్మ గడిలో ఆరడుగులు చెరిపి అరడుగు వేసి, కళ్ళు మూసుకుని నొక్కింది. ప్రెసిడెంటు గారికి ఫోన్ చేసింది. ఆయన అయిదంతస్తులూ ఎక్కి దిగి, రొప్పుతూ చెప్పారు.

"ఒక్క మూల కూడా కదల్లేదమ్మా. ఉయ్యాల్లో పిల్ల నిద్రపోతోంది."

ఆఫీసంతా ఆవిడ బల్ల చుట్టూ చేరింది. గోడలమ్మ అక్క కొట్టు కోసం బొమ్మను చిన్నది చేస్తూ పోయింది. భవనం అగ్గిపెట్టంతైంది, ఆవగింజంతైంది, చివరకు చుక్కయింది. ఎక్కడో బొమ్మ అంచున, ఏ ఆఫీసులో ఎవరు గీశారో ఒక చిన్న వీధి, ఆ వీధిలో కొట్టు కనిపించాయి. దాని గోడలు ఎంచుకుని వేరే గుంపులోంచి తీసి మామూలు గుంపులో పెట్టింది. తన భవనం వైపు చూసింది. చుక్క చుక్కలాగే ఉంది. ఏదీ కదల్లేదు.

"మరి, రాదేం?" అన్నాడు తలుపులాయన.

మెట్లాయన మెల్లిగా అన్నాడు, "ఎలా వస్తుంది? ఆరంగుళాల లోపు ఉంటేగా?"

అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. గోడలమ్మకు కూడా తట్టలేదు. ఇరవై ఒక్క రోజులు మూలలు లెక్కపెట్టుకుందే గానీ దూరం లెక్కపెట్టుకోలేదు. మెట్లాయన కాగితం మీద లెక్క వేసి, మూడు వందల నలభై మైళ్ళని చెప్పాడు. గోడలమ్మ గడిలో ఆ అంకె వేసింది. వేలు మీట మీదకు వెళ్ళింది. ఇంజనీరు గారు ఆపలేదు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఆ మూడు వందల నలభై మైళ్ళలో ముందు గోడ లేని కొట్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎందరు తల వంచుకుని పని చేసుకుంటున్నారో ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. గోడలమ్మ అంకె చెరిపేసింది.

ఫోను మోగింది. అక్కే.

"పనైపోయిందా?" అంది ఉత్సాహంగా. "ఇప్పుడే కొట్టు టక్కుమని ఆగిందే! ఇన్నాళ్ళూ అదోలా తేలుతున్నట్టుండేది, ఇప్పుడు గట్టిగా నిలబడింది. వచ్చేశాననుకుని బయటికి తొంగి చూశాను. మన వీధి కాదు. పక్కన ఉప్పు అమ్మే ఆవిడ కొట్టుంది చూడు, దాని గోడా నా గోడా కలిసిపోయాయి."

మామూలు గుంపులో పెట్టగానే కొట్టు తనకు ఆరంగుళాల లోపు ఏ గోడ ఉంటే దానికి అతుక్కుంది. అతికించింది తనే.

"చెల్లీ? విడదీసి మళ్ళీ తెస్తావా?"

"విడదీస్తే ఎటు పోతావో తెలీదక్కా. ఇటే వస్తావని చెప్పలేను."

వెనక సముద్రం హోరు, ఎవరో ఆడమనిషి ఉప్పు ధర చెబుతున్న గొంతు వినిపించాయి.

"అయితే వద్దులే," అంది అక్క. "నాకిక తిరిగే ఓపిక లేదు. ఇక్కడ కుట్టేవాళ్ళు లేరట, పొద్దున్నుంచి నలుగురు వచ్చి పోయారు. నువ్వు వేళకు తిను. హెడ్‌మాస్టరు గారి చొక్కా పోస్టులో పంపిస్తాను, ఇచ్చెయ్."

"అక్కా, తప్పు నాదే."

"నీదే," అంది అక్క మెత్తగా. "ఉంటాను, ఎవరో వచ్చారు."

ఫోను పెట్టేశాక చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి తమ బల్లల దగ్గర కూర్చున్నారు. గోడలమ్మ ఆ కొట్టును దగ్గరకు తెచ్చుకుని చూసింది. అక్క గోడా ఉప్పు కొట్టు గోడా కలిసిన మూలను ఎంత పెద్దది చేయగలదో అంత పెద్దది చేసి, ఎక్కడైనా జానెడు ఎడమో, పొడుచుకొచ్చిన చివరో, చెరపాల్సిన గీతో మిగిలిందేమోనని వెతికింది. ఆ మూలలో ఆవిడ చేయాల్సిన పని ఏమీ లేదు.